పచ్చబడ్డ చెరువు

తెల్లారేసరికి చేపలన్నీ నీళ్లపైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉన్నాయి. చెయ్యి ముంచి తీశా, మణికట్టు దాకా పచ్చటి జిగురు.

"మందేమన్నా కలిపారా మామా?" అంటే, "మందు గాదల్లుడా, మన డీఏపీ ఎరువే" అన్నాడు.

నిజమే. బస్తా మీద 18-46 అని ఉంటుంది చూడండి, ఆ 46 భాస్వరం లెక్క. వరి తీసుకోగా మిగిలింది మడి నీళ్లతో, మట్టితో చెరువులోకే. దాంతో నాచు తెగ పెరుగుతుంది. పగలు ప్రాణవాయువు ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. రొయ్యల గుంటల్లో రాత్రిళ్లు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పేది ఇందుకే. చెరువుకు ఎవరు తిప్పుతారు?

నెల్లూరు మొలగొలుకుల బియ్యమని మాత్రం గొప్పలు పోతాం!

ఎకరాకు బస్తా చాలంటే మా కోవూరు వైపు ఒక్కరూ వినరు. పక్కోడు రెండేశాడంట.