సగం మాది, సగం కంపెనీది

పోయిన సంక్రాంతికి చీమకుర్తి వెళ్లాను. మామయ్యకి అక్కడ చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. మధ్యాహ్నం మిషన్ ఆపి భోజనాలకి కూర్చున్నాక అడిగాడు. "మీ జర్మనీలో షావుకార్ల పార్టీ, కూలీల పార్టీ కలిసి ప్రభుత్వం నడుపుతున్నాయంటగా. ఎట్టా కుదురుద్దిరా? ఒకళ్లు ఖర్చు తగ్గించమంటారు, ఒకళ్లు పెట్టమంటారు. రెండెడ్లూ చెరోపక్కకి లాగితే బండి కదులుద్దా?"

ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. నా సమాధానం కుదురుతుందనే. జర్మనీలో నేను పడింది, పొందింది చూశాకే ఆ మాట అంటున్నాను.

నేనుండేది ల్యూడెన్‌షైడ్‌లో. కొండల మధ్య ఊరు, ఒంగోలు కన్నా చాలా చిన్నది. చుట్టూ విడిభాగాల ఫ్యాక్టరీలు. అందులో ఒకదాంట్లో అచ్చుల డిజైన్ నా పని. 2018లో మొదటి జీతం చీటీ చూసుకుని గుండె జారింది. పెన్షన్‌కి 9.3 శాతం, ఆరోగ్య బీమాకి 7.3 శాతం, దాని మీద ఇంకొంచెం. పన్ను వేరే. నాయనకి ఫోన్‌లో చెబితే "అంత కోతేందిరా!" అన్నాడు. పెన్షన్‌కీ బీమాకీ నేను కట్టినంత కంపెనీ కూడా కడుతుందని నాకు ఆ తర్వాతెప్పుడో అర్థమైంది. రెండేళ్లకి అపెండిక్స్ ఆపరేషన్ అయి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చిన బిల్లు 40 యూరోలు, రోజుకి 10 చొప్పున. ఆ కాగితం చాలా రోజులు దాచుకున్నాను.

ఈ ఆరోగ్య బీమాని 1883లో తెచ్చింది అప్పటి జర్మనీ ప్రభుత్వాధినేత బిస్మార్క్. ఆయన సోషలిస్టు కాదు, అంతకు ఐదేళ్ల ముందు సోషలిస్టుల మీద నిషేధం పెట్టిన మనిషి. కార్మికులు వాళ్ల వైపు పోకుండా ఆపాలన్నది ఆయన లెక్క. ఆయన మనసులో ఏమున్నా, కార్మికుడి చేతికి బీమా వచ్చింది.

నేను చేరిన కొత్తలో మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ముప్పై ఏళ్లకి పైగా అదే ఫ్యాక్టరీ, సోషల్ డెమోక్రాట్ పార్టీ సభ్యుడు. మామయ్య కూలీల పార్టీ అన్నది దాన్నే. ఒక రోజు బ్రేక్‌లో ఒక కవరు చూపించారు. అప్పటి ప్రభుత్వాధినేత మెర్కెల్ పార్టీతో, అంటే మామయ్య అన్న షావుకార్ల పార్టీతో, మళ్లీ ప్రభుత్వంలో చేరాలా వద్దా అని పార్టీ తన సభ్యులందరినీ పోస్టులో ఓటడిగింది. సంకీర్ణ ఒప్పందం ముద్రించిన ప్రతి ఆయన దగ్గరుంది. పెన్నుతో గీతలు గీసుకుంటూ, వారం రోజులు టీ తాగేటప్పుడల్లా అదే చదివారు. ఇష్టం లేకుండానే సరే అని వేశానన్నారు. ఆ ఓటులో 66 శాతం మంది సరేనన్నారు. "క్రితంసారి చేరినందుకే కనీస వేతనం వచ్చింది" అన్నది ఆయన కారణం. అది నిజం. 2015 జనవరి నుంచి దేశమంతటా గంటకి 8.50 యూరోలు. అది మెర్కెల్ పార్టీ అడిగింది కాదు, చేతులు కలపడానికి ఈ పార్టీ పెట్టిన షరతు. లక్షల ఉద్యోగాలు పోతాయని ఆర్థికవేత్తలు చాలామంది హెచ్చరించారు. అలా జరగలేదు.

2020లో కరోనా వచ్చి ఆర్డర్లు ఆగాయి. మమ్మల్ని తీసెయ్యలేదు, పనిగంటలు తగ్గించారు. కోల్పోయిన జీతంలో, చేతికొచ్చే లెక్కన, పిల్లలున్నవాళ్లకి 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ నుంచి వచ్చింది, లేనివాళ్లకి 60. నెలలు గడిచేకొద్దీ పెంచారు కూడా. కంపెనీకి పనొచ్చిన మనుషులు మిగిలారు, మాకు ఇంటి అద్దె టెన్షన్ తప్పింది. అదే నెలల్లో చీమకుర్తిలో మామయ్య యూనిట్ మూతపడింది. ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లకి తన చేతనైనంత బియ్యం, నూనె ఇచ్చాడు. జీతం మాత్రం ఇవ్వలేకపోయాడు. ఫోన్‌లో ఆ మాట చెబుతూ ఏడ్చాడు. మంచితనంలో లోటేమీ లేదు. ఆ మంచితనానికి వెనక నిలబడే ఏర్పాటే లేదు.

ఇక చెడు కూడా చెప్పాలి. ఈ రెండు పార్టీలే కలిసి 2009లో, కేంద్రం ఏటా చేసే అప్పు జీడీపీలో 0.35 శాతం దాటకూడదని రాజ్యాంగంలో రాశాయి. 2014 నుంచి 2019 దాకా కొత్త అప్పు లేకుండానే బడ్జెట్ నడిపారు, దాన్ని గొప్పగా చెప్పుకున్నారు. మా ఊరి పక్కన హైవే మీద రామెడె వంతెన ఉండేది, 1960లలో కట్టింది. 2021 డిసెంబరులో ఇక బరువు మోయలేదని మూసేశారు. 2023 మేలో పేల్చి కూల్చేశారు. ఈలోగా హైవే లారీలన్నీ మా ఊళ్లోంచే. మా ఇంటి కిటికీ అద్దాలు తెల్లవారుజాము నాలుగింటికే అదిరేవి. పాప లేచి కూర్చునేది. కిటికీ గట్టు మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్లటి పొడి. పనికి ఇరవై నిమిషాల దారి గంట పట్టేది. దూరం నుంచి వచ్చేవాళ్లు విసిగిపోయి మా సెక్షన్‌లోనే ఇద్దరు మానేశారు.

అప్పు చెయ్యకూడదన్న మాట నాకు బాగా తెలిసిందే. నాయన వడ్డీకి తేకుండానే మా చదువులు గట్టెక్కించాడు. కానీ ఇంటి పైకప్పు కారుతుంటే ఏ ఏడూ వాయిదా వెయ్యలేదు. ఒకళ్లకి కొత్త అప్పు లేదన్న పేరు దక్కింది, రెండోవాళ్లకి పెన్షన్లు, వేతనాల్లో తమ వాటా దక్కింది. వంతెనల గురించి గట్టిగా అడిగినవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు. రెండు పార్టీలు కలవడంలో తప్పు లేదు, కష్టమైన పనిని ఇద్దరూ కలిసి పక్కన పెట్టడమే తప్పు. 2025 మార్చిలో, ఎన్నికల ముందు అప్పు పరిమితిని గట్టిగా సమర్థించిన ఆ మెర్కెల్ పార్టీయే, మెర్త్స్ నాయకత్వంలో, సోషల్ డెమోక్రాట్లూ గ్రీన్లూ తోడు రాగా, ఆ కట్టడిని సడలించి వంతెనలు, రోడ్ల లాంటివాటికి 50 వేల కోట్ల యూరోల నిధికి ఒప్పుకుంది. మేలో మెర్త్స్ పార్టీ, సోషల్ డెమోక్రాట్లు కలిసి ప్రభుత్వంలో చేరాయి. ఈ పని పదేళ్ల ముందు చేసుంటే మా పాప నిద్ర చెడేది కాదు.

మన దగ్గరా జనానికి అండ, కట్టడాలకి ఖర్చు రెండూ కలవలేదని కాదు. 2007లో ఆరోగ్యశ్రీ, 2008లో కృష్ణపట్నం పోర్టు ఒకే ప్రభుత్వం ఉండగా వచ్చాయి. కాకపోతే ఆరోగ్యశ్రీ సర్కారు ఇచ్చేది. ఇస్తే ఉంటుంది, బిల్లులు ఆపితే ఆసుపత్రి ఆగుతుంది. పనిచేసేవాడూ యజమానీ కలిసి కట్టుకున్నదైతే ఆపడం అంత తేలిక కాదు. ఆ పద్ధతి మనకి కొత్త కాదు, కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ అదే. 2019 జులై నుంచి యజమాని 3.25 శాతం, పనివాడు 0.75 శాతం.

మామయ్య దగ్గర పద్నాలుగు మంది ఉన్నారు. ఈఎస్ఐ సంగతి అడిగాను. "కాంట్రాక్టరు చూసుకుంటాడులే" అన్నాడు. కాంట్రాక్టరు చూసుకోవట్లేదని ఆయనకీ తెలుసు. కోత మిషన్ దగ్గర పనిచేసే కుర్రాడు అన్నం తింటూ దగ్గుతూనే ఉన్నాడు. అడిగితే రాయి దుమ్మన్నాడు.

వచ్చిన దగ్గర్నించీ మూడుసార్లు ఫోన్ చేశాను. మామయ్య "చూద్దాంలే అబ్బాయా" అంటున్నాడు. వచ్చే సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పద్నాలుగు మంది ఈఎస్ఐ కార్డులూ చూపించమని అడుగుతాను.