నాన్న ఫోన్‌లో డార్క్ మోడ్ తీసేశాను

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న ఫోన్‌లో డార్క్ మోడ్, అంటే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, పెట్టి వచ్చాను. కళ్ళకి మంచిది, ఛార్జింగ్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది అని గట్టిగా చెప్పింది కూడా నేనే. రెండు వారాల తర్వాత ఫోన్ చేస్తే "పేపర్ చదవడం మానేశాన్రా, అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అన్నారు. మనసు చివుక్కుమంది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో పేపర్ మొత్తం చదవడం ఆయనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు.

మళ్ళీ వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని అదే ఫోన్‌లో ఒక వార్త చూశాను. "స్వాతంత్ర్యం" అన్న మాట వచ్చింది. త కింద రెండు వత్తులు, అసలే చిన్నవి, నల్ల తెర మీద తెల్లగా మెరిసి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మన లిపిలో ద, ధ తేడా ఒక్క చిన్న గీతే కదా, డ, ఢ కూడా అంతే. ఆ గీత చుట్టూ వెలుగు కాస్త చెదిరినా అక్షరం మారిపోతుంది. నాన్నకి సిలిండర్ పవర్ ఉంది, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేక అక్షరాలు మసకబారడం. చీకటి తెర చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, దాంతో చూపులో ఉన్న లోపం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. తెల్లటి తెరకి పాప చిన్నదై అంచులు స్పష్టంగా కనిపిస్తాయి, చదవడానికి తెలుపు మీద నలుపే మేలని చాలా పరిశోధనల్లో తేలింది కూడా.

ఇక ఛార్జింగ్ సంగతి. నాన్నది ఎల్‌సీడీ తెర, నలుపు చూపిస్తున్నా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఓఎల్‌ఈడీ అనే ఇంకో రకం తెరలో అయితే నల్లగా ఉన్న చుక్క నిజంగానే ఆరిపోతుంది. అక్కడ కూడా, అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు 2021లో కొలిచి చూస్తే, బ్రైట్‌నెస్ 100 శాతం పెట్టినప్పుడు సగటున 39 నుంచి 47 శాతం ఆదా అయింది కానీ, మనం ఇంట్లో మామూలుగా వాడే 30-50 శాతం దగ్గర 3 నుంచి 9 శాతమే!

2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 వచ్చి ఫోన్ మొత్తానికీ ఒకే మీట ఇచ్చాక అందరం ఆలోచించకుండా నొక్కేశాం. నేనేమీ డార్క్ మోడ్‌కి వ్యతిరేకం కాదు. రాత్రి లైట్లు తీసేశాక, పక్కన పిల్లాడు పడుకుని ఉంటే నాకు అదే కావాలి. కానీ మే నెల ఎండలో బస్టాప్‌లో నిలబడి నల్ల తెర చూస్తే నా మొహమే కనబడింది, ఒక టికెట్ యాప్‌లో అయితే సీటు నంబర్ నలుపు మీద నలుపు అయిపోయి, మోడ్ మార్చేదాకా బస్సులో ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

ఇప్పుడు నాన్న ఫోన్ లైట్ మోడ్‌లో ఉంది, అక్షరాల సైజు ఒక మెట్టు పెంచాను, బ్రైట్‌నెస్ ఆటోలో పెట్టాను. పేపర్ మళ్ళీ మొదలైంది.

తెలుగులో చదివించే యాప్‌లు చేసేవాళ్ళూ, దయచేసి లైట్ మోడ్ తీసేయకండి. డార్క్ పెడితే కటిక నలుపు మీద తెల్లటి తెలుపు కాకుండా, ముదురు బూడిద రంగు మీద కాస్త తగ్గించిన తెలుపు వాడండి. విడుదల చేసే ముందు "దృఢం", "ఉచ్ఛ్వాసం" అని మామూలు సైజులో టైప్ చేసి, అరవై దాటిన మీ ఇంట్లో వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి చదవమనండి.