మొలలంటే ఆపరేషనే అనుకోకండి

అమ్మకు మొలల ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొచ్చాం. ఆడవాళ్లు ఈ బాధ నోరు తెరిచి చెప్పుకోరు. అందుకే రాస్తున్నా.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మొలల్లో 4 దశలుంటాయి. మొదటి రెండు దశల్లో చాలామందికి కోత అక్కర్లేదు. పీచున్న తిండి, సరిపడా నీళ్లు, ఇసబ్గోల్, రోజూ 10–15 నిమిషాలు గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కూర్చోవడం, ముక్కకుండా ఉండటం చాలు. అప్పటికీ రక్తం ఆగకపోతే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. రక్తం అందక మొల ఎండి, కొన్ని రోజుల్లో రాలిపోతుంది. చాలామంది ఆ రోజే ఇంటికెళ్లిపోతారు. మూడో దశలోనూ కొందరికి ఇది సరిపోతుంది.

అమ్మది నాలుగో దశ. బయటికొచ్చిన మొలలు చేత్తో నెట్టినా లోపలికి పోవు. అలాంటప్పుడు కోసి తీసేస్తేనే మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. స్టేప్లర్ పద్ధతిలో (మొలల్ని పైకి లాగి పిన్నులతో బిగించడం) నొప్పి తక్కువే గానీ తిరగబెట్టే అవకాశం ఎక్కువట. కోసి తీసిన అమ్మకి నొప్పి మాత్రం మామూలుగా లేదు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది పిచ్చితల్లి. నొప్పి మాత్రలు, విరేచనం మెత్తబడే మందు టైముకి వేస్తే రోజురోజుకీ తేలికపడుతోంది.

గోడల మీద ‘ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు మాయం’ అన్న రాతలు చూస్తే ఒళ్లు మండుతోంది. రక్తం పడితే మొలలే అని తేల్చేసుకోకండి. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ పడుతుంది. అమ్మ వయసు చూసి ముందు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేశాకే ఆపరేషన్ మాటెత్తారు.