చింతగింజల అక్షరాలు

మా స్కూలు పెట్టిన సాయిబాబా గౌడ్ సార్ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నాలుగు మాటలతో అయ్యే పని కాదు, కానీ ప్రయత్నిస్తాను.

మా నాన్న నన్ను బేగంపేటలోని దేవ్‌నార్ స్కూల్లో దింపినప్పుడు నాకు ఏడేళ్లు. అప్పటికే ఆసుపత్రులన్నీ తిరిగి, ఇక చూపు రాదని తేలిపోయి, "పాపం, వీడి బతుకెట్లా" అని ఊళ్ళో ఎవరన్నా పట్టించుకోనంతగా ఆ మాటకు అలవాటుపడ్డాం. చూపులేనివాళ్ళ బడంటే కుర్చీలు అల్లడమో, హార్మోనియం నేర్పడమో అనుకుంటూ వచ్చాడు నాన్న. వాటిలో తప్పేం లేదు. కానీ మా సార్ అక్కడ ఆగలేదు.

సార్ కంటి డాక్టరు. నయమయ్యే కళ్ళకు వైద్యం చేస్తే ఆయన బాధ్యత తీరిపోయినట్టే, నయంకాని పిల్లల సంగతి ఆయన్ని ఎవరూ అడగరు. అయినా భార్య జ్యోతి మేడమ్‌తో కలిసి 1991లో దేవ్‌నార్ మొదలుపెట్టారు, అదీ ఇంగ్లిష్ మీడియంలో, రూపాయి ఫీజు లేకుండా, హాస్టల్ పెట్టి మరీ. తర్వాత పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే ఆ ఇంగ్లిష్ మీడియం నిర్ణయమే పెద్దది, ఎందుకంటే మా నుంచి తక్కువ ఆశించలేదు ఆయన.

ఇంగ్లిష్ అంటే నాకు మొదట్లో భలే టెన్షన్. అయితే వేళ్ళతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, బ్రెయిలీలో ఒక మంచి సంగతుంది. ఒక్కో అక్షరానికి ఉండే ఆరు చుక్కల స్థానాల్లో 1, 3 పొడిస్తే తెలుగులో క, ఇంగ్లిష్‌లో కె. 1, 3, 4 అయితే మ, ఎమ్ రెండూ అవే. స్లేట్ అనే గళ్ళ చట్రంలో కాగితం బిగించి, స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో కుడి నుంచి ఎడమకు పొడుస్తూ పోవాలి, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. వేళ్ళు నొప్పెట్టేవి, ఒక్క చుక్క తప్పితే అక్షరమే మారిపోయేది.

లెక్కలంటే నాకు ప్రాణం. చూపులేనివాళ్ళు లెక్కలు చేసే గుంటల పలక, టేలర్ ఫ్రేమ్ ముందు కూర్చుంటే ఆ చిన్న చిన్న అచ్చులు తిప్పి తిప్పి పెట్టుకుంటూ అన్నం సంగతే మర్చిపోయేవాణ్ణి. పదయ్యాక ఒక కాలేజీలో నీకు ఎంపీసీ కుదరదన్నారు, ఆర్ట్స్ తీసుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే మా స్కూల్లోనే చదివిన శ్రీకాంత్ బొల్లా సైన్స్ కోసం కోర్టుకెక్కి గెలిచి, 98 శాతం మార్కులు తెచ్చుకుని అమెరికాలోని ఎమ్‌ఐటీకి వెళ్ళాడని విన్నరోజు నేనే గెలిచినట్టు ఏడ్చాను. నేనిప్పుడు బ్యాంకులో, కంప్యూటర్ తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తున్నాను. అందులో వినిపించే ప్రతి ఇంగ్లిష్ ముక్కకూ పునాది ఆ స్కూలే.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. మొదటి దసరా సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అమ్మకు బ్రెయిలీ నేర్పాను. అమ్మ బడి మొహం చూడలేదు. చింతగింజలు తెచ్చి నేల మీద పేర్చి, ఇది అ, ఒకటే గింజ, ఇది మ, మూడు, ఒత్తున్న చోట ఆ రెండక్షరాల జంటకు ముందు విడిగా ఒక గింజ పెట్టాలి అని చూపించాను. మర్నాడు లేచేసరికి మంచం పక్కన పీట మీద గింజలున్నాయి. తడిమాను. ఒకటి. కాస్త ఎడంగా మూడు. మళ్ళీ మూడు. ఒత్తు గింజ పెట్టడం మర్చిపోయింది అమ్మ. నా జేబులోంచి ఒకటి తీసి ఆ మొదటి మూడింటికి ముందు పెట్టాను.