నా ఉంగరం వేలు, వేల్స్ జలగలు

ఇల్లు మారుతున్న రోజు, సామాన్ల వ్యాన్ మీద నుంచి కిందికి దూకాను. ఎడమచేతి ఉంగరం తలుపు గడియకు తగులుకుంది. ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడి, చర్మం, రక్తనాళాలు, నరాలు ఎముక మీద నుంచి ఒలుచుకుని ఊడి వచ్చాయి.

మేముండేది బ్రిటన్‌లో, వేల్స్ దక్షిణ తీరంలో. ఆ రాత్రంతా ప్లాస్టిక్ సర్జన్లు మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కంటే సన్నని దారంతో నా వేలికి కుట్లు వేశారు. ముంజేతి నుంచి తీసిన సిర ముక్కను అతికి, వేలికి రక్తం తెచ్చే ధమనిని కలిపారు. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే వేలి సిరల్లో మాత్రం ఒక్కటే దక్కింది. మిగతావి కుట్టడానికి వీల్లేనంతగా నలిగిపోయాయి.

ఆపరేషన్ తర్వాత గులాబీ రంగులో ఉన్న వేలు మర్నాటి సాయంత్రానికల్లా నేరేడుపండు రంగుకు తిరిగి ఉబ్బిపోయింది. సూదితో గుచ్చితే నల్లటి రక్తం ఉబికింది. లోపలికి రక్తం బాగానే వస్తోంది, బయటికి పోవడానికే దారి చాలడం లేదు అని డాక్టరమ్మ చెప్పింది. అలాగే వదిలేస్తే లోపల ఒత్తిడి పెరిగి, వచ్చే రక్తం కూడా ఆగిపోయి వేలు చచ్చిపోతుంది. కొత్త సన్న సిరలు వాటంతటవే అల్లుకోవడానికి కొద్ది రోజులు కావాలి. అప్పటిదాకా ఆ పని జలగలు చేస్తాయంది.

మా అమ్మ తణుకు దగ్గర పొలాల్లో నాట్లు వేసిన మనిషి. కాళ్ళకు పట్టిన జలగల్ని ఉప్పు వేసి వదిలించుకోవడం ఆవిడకు కొత్త కాదు. వీడియో కాల్లో నా వేలు చూసి ఏడ్చింది. ఆ వెంటనే, "పోనీలేమ్మా, చెడు రక్తమంతా జలగే తాగేస్తుంది" అంది. చాలామంది ఇదే మాట అంటారు కాబట్టి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. నా వేల్లో ఉన్నది చెడు రక్తం కాదు. ఒంట్లో తిరిగే మంచి రక్తమే, దారి లేక నిలిచిపోయింది. జలగ రక్తాన్ని శుభ్రం చేయదు. నిలిచినదాన్ని బయటికి వదిలి, కొత్త రక్తానికి చోటు చేస్తుంది.

నర్సు వేలి చుట్టూ తడి గాజుగుడ్డ చుట్టి, కొన దగ్గర చిన్న సందు వదిలింది. జలగ వేరే చోటికి పాకకుండా అది అడ్డు. నరాలు తెగి ఉన్నాయి కాబట్టి జలగ కుట్టిన నొప్పి నాకు తెలియలేదు, కంటితో చూశానంతే. ఒకసారి ఒక జలగ ఎంతకీ కుట్టలేదు. గదిలో అందరి ముఖాలూ మారిపోయాయి. ధమని మూసుకుపోయి లోపలికి రక్తం రాకపోతే జలగ అంటుకోదట. అది పట్టకపోవడమే ఒక పరీక్ష. సూదితో గుచ్చి ఒక్క రక్తం చుక్క చూపించాక పట్టుకుంది. నాకు ఊపిరి వచ్చింది.

జలగ తాగేది మహా అయితే పది పదిహేను మిల్లీలీటర్లే. అసలు మేలు అది రాలిపోయాక జరుగుతుంది. కుట్టిన చోటు నుంచి గంటల తరబడి రక్తం కారుతూనే ఉంటుంది. దానికి ఒక కారణం జలగ లాలాజలంలోని హిరుడిన్ అనే పదార్థం. రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్‌ను అది పట్టి ఉంచుతుంది. జలగలో ఇలాంటి పదార్థం ఉందని 1884లో చూపించినవాడు జాన్ హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త. తర్వాత ఆయన మాకు దగ్గర్లోని కార్డిఫ్‌లోనే ప్రొఫెసర్‌గా చేశాడు. 1950లలో జర్మనీలో ఫ్రిట్జ్ మార్క్‌వార్ట్ అనే శాస్త్రవేత్త దాన్ని విడదీసి శుద్ధి చేశాడు. హిరుడిన్‌ను చూసి తయారుచేసిన బైవాలిరుడిన్ అనే మందును ఇప్పుడు గుండెకు స్టెంట్ వేసేటప్పుడు వాడుతున్నారు.

నాకు పెట్టిన జలగలు వేల్స్‌లోనే హెండీ అనే ఊళ్ళో జలగల్ని పెంచే బయోఫార్మ్ నుంచి వచ్చాయి. 1984లో రాయ్ సాయర్ అనే జంతుశాస్త్రవేత్త మొదలుపెట్టిన సంస్థ అది. ఆ మరుసటి ఏడాదే బోస్టన్‌లో జోసెఫ్ అప్టన్ అనే సర్జన్, కుక్క కొరికి తెంపేసిన ఒక పసివాడి చెవిని తిరిగి అతికి, అది నల్లబడుతుంటే వేల్స్ నుంచే జలగలు తెప్పించుకున్నాడు. చెవి నిలిచింది. నిద్రపట్టని రాత్రి ఒక జూనియర్ డాక్టరు ఈ సంగతి చెప్పాడు. ఆ పసివాడి చెవి నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

జలగ కడుపులో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది గాయంలోకి చేరితే అతికిన వేలు పోయినట్టే. అందుకని మొదటి జలగ పెట్టకముందే యాంటీబయాటిక్ మొదలైంది. హిమోగ్లోబిన్ పడిపోయి రక్తం ఎక్కించారు. రక్తనాళాలు ముడుచుకోకుండా గది వెచ్చగా ఉంచారు, కాఫీ బంద్. ఒకరికి పెట్టిన జలగను ఇంకొకరికి పెట్టకూడదు. పని అయ్యాక వాటిని ఆల్కహాల్లో వేసి చంపేస్తారు. అది అవసరమని తెలుసు, అయినా ప్రతిసారీ నాకు బాధగానే ఉండేది.

ఒక ఉదయం కట్టు మార్చినప్పుడు వేలు మళ్ళీ గులాబీ రంగులో కనిపించింది. సాయంత్రానికీ రంగు మారలేదు. జలగలు ఆపేశారు. తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. కొనకు స్పర్శ అంత నెమ్మదిగానే వచ్చింది. పూర్తిగా ముడవలేను. చలికాలంలో వేలు సలుపుతుంది.

ఇదంతా విన్నాక అమ్మ కొత్త మాట ఎత్తింది. సంతలో ఒకాయన మోకాళ్ళ నొప్పులకు జలగలు పెడుతున్నాడట, తానూ పెట్టించుకుంటానంది. మోకాళ్ళ మీద పరిశోధన జరగకపోలేదు. 2003లో జర్మనీలో 51 మందితో చేసిన అధ్యయనంలో, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్నవాళ్ళకంటే జలగలు పెట్టించుకున్నవాళ్ళకు మొదటి వారంలో నొప్పి బాగా తగ్గింది. కానీ ఎవరికి ఏ చికిత్స అందుతోందో రోగులకు తెలుసు కాబట్టి, ఆ ఫలితాన్ని అంతవరకే నమ్మాలి. అవి ఆసుపత్రి కోసం పెంచిన జలగలు, సంతలో సీసాలోవి కావు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ గుండె కోసం, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ అనే మందు వేసుకుంటోంది. "అమ్మా, నీ రక్తం ముందే పలచబడి ఉంది. జలగ కుట్టిన చోట కారడం మొదలైతే సంతలో ఎవరు ఆపుతారు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఆ వారమే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తణుకులో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళింది.