సోమవారం పొటాషియం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అంటే, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అంకె అంటే, ఏమిటో బడి మొహం చూడని ముసలమ్మ కూడా చెబుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏ పెళ్లిలోనైనా ఇద్దరు చుట్టాలు కలిస్తే, పిల్లల సంగతీ పంట సంగతీ అయ్యాక వచ్చే మాట అదే: "నీకెంత ఉందిప్పుడు?" ఒకరు నాలుగంటారు, ఒకరు ఏడంటారు. ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, ఇదీ కారణమని పరిశోధనలు ఇంకా తేల్చలేదు. ఆ అంకె మాత్రం ఊరూరా పాకిపోయింది.

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. నాకు ఆ అంకె కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది రక్తంలో పొటాషియం. క్రియాటినిన్ పది ఉన్న మనిషి బస్సెక్కి తనంతట తానే వచ్చి మంచం మీద పడుకుంటాడు. పొటాషియం ఏడు దాటిన మనిషి కూడా అలాగే నడిచి వస్తాడు, పలకరిస్తాడు, కాళ్లు కాస్త బరువుగా ఉన్నాయంటాడు. ఈ రెండో ఆయన గుండె మాత్రం ఆ గంటలోనే ఆగిపోవచ్చు. ఈ సంగతి మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పళ్లు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు అని ఒక కాగితం చేతిలో పెడతారు. ఎందుకో తెలియకుండా నోరు కట్టుకోమంటే ఎవరు ఎన్నాళ్లు కట్టుకుంటారు?

పొటాషియం విషం కాదు. అది లేకపోతే ఒక్క కండరం కదలదు. ఎటొచ్చీ, అది ఎక్కడ ఉందన్నదే అసలు విషయం. ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుంది. లోపల లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ (ల్యాబ్ రిపోర్టుల్లో వాడే కొలత) ఉంటే, బయట రక్తంలో ఉండాల్సింది 3.5 నుంచి 5 వరకే. సోడియం లెక్క దీనికి తలకిందులు: రక్తంలో 140, కణం లోపల పదో పన్నెండో. మధ్యలో ఉన్నది కంటికి కనిపించనంత పలచటి కొవ్వు పొర. పైగా ఆ పొరలో సన్నని దారులుంటాయి. ఆ దారుల గుండా పొటాషియం బయటికీ, సోడియం లోపలికీ ఊరుతూనే ఉంటాయి.

మరి ఆ తేడా ఎలా నిలుస్తోంది? మా తీరంలో చెక్క పడవలోకి నీళ్లు ఊరుతుంటే ఒకరు కూర్చుని తోడి పోస్తూనే ఉంటారు కదా, కణం పొర మీద కూడా అలా తోడి పోసే పంపులున్నాయి. ఒక్కో పంపు ఒక్కో విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఒక్కో విడతకి కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. మనం నిద్రపోతున్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో కూడా పెద్ద వాటా ఈ తోడిపోతకే వెళుతుంది. దీన్ని పట్టుకున్నది డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో పనిచేసిన యెన్స్ స్కౌ. వైద్యుడాయన. మత్తు మందులు నరం మీద ఎలా పనిచేస్తాయో చూద్దామని మొదలుపెట్టి, పీత కాళ్ల నరాలు తీసి వాటి పొర మీద ప్రయోగాలు చేస్తూ 1957లో ఈ పంపు ఆనవాలు బయటపెట్టారు. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, రసాయన శాస్త్రం నోబెల్‌లో సగం ఆయనకిచ్చారు. పీత కాలులోనూ మన గుండెలోనూ ఒకే పంపు ఉందన్న మాట నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ పంపు నిజంగా పనిచేస్తోందని మా పనిలో రోజూ తెలుస్తుంది. పంపు వెచ్చగా ఉంటేనే తిరుగుతుంది. రక్తం శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపకుండా ఫ్రిజ్‌లో పెట్టేస్తే, ఎర్ర కణాల పంపులు చల్లదనానికి మందగించి, లోపలి పొటాషియం బయటికి కారుతుంది. తర్వాత పరీక్ష చేస్తే రిపోర్టు భయపెడుతుంది, మనిషికి మాత్రం ఏమీ ఉండదు. బ్లడ్ బ్యాంకులో చాలా రోజులు నిల్వ ఉన్న రక్తం సంచిలో కూడా ఇదే జరుగుతుంది. అందుకే కిడ్నీ పేషెంట్‌కి రక్తం ఎక్కించాల్సి వస్తే వీలైనంతవరకు డయాలసిస్ మిషన్ నడుస్తుండగానే ఎక్కిస్తాం.

ఇక గుండె. కణం లోపలికీ బయటికీ ఉన్న పొటాషియం తేడా వల్లే గుండె కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు లోపలి వైపు సుమారు మైనస్ 90 మిల్లీవోల్టులు ఉంటుంది. కొట్టుకోమని సంకేతం రాగానే సోడియం దారులు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, వోల్టేజీ పైకి లేస్తుంది, కాల్షియం లోపలికి వస్తుంది, కండరం ముడుచుకుంటుంది. తర్వాత పొటాషియం బయటికి వెళ్లి కండరాన్ని మళ్లీ విశ్రాంతికి తెస్తుంది. బయటి పొటాషియం నాలుగు నుంచి ఏడుకి పెరిగిందనుకోండి. లోపలి 140తో పోలిస్తే మూడు ఎంతని అనిపిస్తుంది. కానీ లెక్క కూడికలది కాదు, నిష్పత్తిది. 140కి 4 అంటే ముప్ఫై అయిదు రెట్లు, 140కి 7 అంటే ఇరవై రెట్లే. విశ్రాంతి వోల్టేజీ తగ్గిపోతుంది, సోడియం దారులు సరిగా తెరుచుకోలేవు, సంకేతం నత్తనడక నడుస్తుంది. ఈసీజీలో ముందు టీ అల (గుండె మళ్లీ విశ్రాంతికి వచ్చేటప్పటిది) సూదిగా లేస్తుంది, తర్వాత క్యూఆర్ఎస్ (సంకేతం గుండె కింది గదుల్లో పాకేటప్పటి నిటారు గీత) వెడల్పవుతుంది, ఆ పైన గీత మొత్తం అలలు అలలుగా సాగుతుంది. ఆ చివరి బొమ్మ చూసినప్పుడు మాకు చేతిలో నిమిషాలే ఉంటాయి.

కిడ్నీలు బాగున్నవాళ్లకి ఇదెందుకు జరగదు? ఈ లెక్క నేను పేషెంట్లకి కాగితం మీద వేసి చూపిస్తాను. డెబ్భై కిలోల మనిషిలో కణాల బయట ఉన్న నీళ్లు సుమారు పద్నాలుగు లీటర్లు. అందులో ఉన్న పొటాషియం మొత్తం అరవై మిల్లీమోల్స్ లోపే. మామూలు తిండిలో ఒక రోజుకి మనం తినేది అంతకన్నా ఎక్కువ! తిన్నదంతా రక్తంలోనే ఉండిపోతే భోజనం చేసిన ప్రతి మనిషీ ప్రమాదంలో పడాలి. పడకపోవడానికి కారణం, అన్నం తినగానే వచ్చే ఇన్సులిన్. అది షుగర్ ఒక్కటే చూసుకోదు, పంపుల వేగం పెంచి పొటాషియాన్ని కూడా కణాల్లోకి పంపేస్తుంది. ఆ తర్వాత కొన్ని గంటల్లో కిడ్నీలు తీరిగ్గా బయటికి పంపుతాయి. కిడ్నీలు రోజుకి 180 లీటర్ల నీటిని వడగట్టి, అందులోని పొటాషియాన్ని దాదాపు అంతా వెనక్కి తీసుకుని, చివరి గొట్టాల దగ్గర ఎంత వదలాలో మళ్లీ కొత్తగా తేలుస్తాయి. అక్కడ హుకుం ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ది. బీపీకి వాడే టెల్మిసార్టాన్ లాంటి మందులు ఆ హార్మోన్‌ని తగ్గిస్తాయి కాబట్టే అవి వాడేవాళ్లకి పొటాషియం పరీక్ష రాస్తారు. ఇది చదివి మాత్రలు ఆపేయకండి. పరీక్ష చేయించండి, అంతే.

కిడ్నీలు పోయాక మిగిలేది ఇన్సులిన్, కొంత పెద్దపేగు, వారానికి మూడుసార్లు మా మిషన్. కొబ్బరి తోటలున్న ఒక పెద్దాయన నన్ను అడిగారు: "ఏటమ్మా, మా తోట కాయే కదా, మందు కొట్టిందీ కాదు. అదీ తప్పేనా?" ఆయన బాధ నాకర్థమైంది. కొబ్బరి, జీడి, పనసతో పచ్చగా ఉండే నేలలో పుట్టి, ఎవరింటికెళ్లినా ముందు బొండం కొట్టి ఇచ్చే మర్యాదలో పెరిగిన మనిషి. "తప్పు కాయది కాదు పెదనాన్నా" అని ఇదే లెక్క వేసి చూపించాను. గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం. అంటే పదిహేను మిల్లీమోల్స్. పద్నాలుగు లీటర్లలో అదంతా నిలిచిపోతే రక్తంలో అంకె ఒకటి పెరుగుతుంది. అప్పటికే ఆరు ఉన్నవాళ్లకి అది ఏడు. అన్నంతో తిన్న కూరలోనైతే పొటాషియం నెమ్మదిగా వస్తుంది, వెంట ఇన్సులిన్ కూడా వస్తుంది. నీళ్లయితే గటగటా దిగిపోతాయి.

అంకె ఏడు దాటి వచ్చినవాళ్లకి ఆసుపత్రిలో చేసేది చూస్తే ఈ కథంతా అర్థమవుతుంది. ముందు కాల్షియం గ్లూకోనేట్ ఇస్తారు. అది పొటాషియాన్ని చుక్క కూడా తగ్గించదు. గుండె కండరం పొరని కాసేపు కుదుటపరుస్తుంది, అంతే. తర్వాత గ్లూకోజ్‌తో కలిపి ఇన్సులిన్, షుగర్ లేనివాళ్లకి కూడా. ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ నెబ్యులైజర్ కూడా పెడతారు. ఊపిరి బాగానే ఉంది కదా, ఇదెందుకని ఇంటివాళ్లు కంగారు పడతారు. ఇన్సులిన్, సాల్బుటమాల్ రెండూ చేసేది పంపుల్ని పరుగెత్తించడమే. ఆ దెబ్బకి కొన్ని గంటలు పొటాషియం కణాల్లోకి వెళ్లి దాక్కుంటుంది. ఆలోపు డయాలసిస్ మొదలవ్వాలి. మా ఫిల్టర్‌లోని వేల సన్నని గొట్టాలకి పంపులు ఉండవు. బయట పారే ద్రవంలో పొటాషియం రెండు దగ్గర ఉంచుతాం కాబట్టి రక్తంలోది అటు జారిపోతుంది. నాలుగు గంటలు అయ్యాక రిపోర్టు మూడున్నర వస్తుంది, అందరి ముఖాలూ తేలికపడతాయి. అప్పుడే అరటిపండు తినే ధైర్యం వస్తుంది. కానీ మిషన్ దించిన కొన్ని గంటల్లో కణాల లోపలిది బయటికి వచ్చి అంకె మళ్లీ పెరుగుతుంది.

మరో సంగతి, గన్నేరు. పచ్చ గన్నేరు గింజ విషమని మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. అందులోని పదార్థం చేసేది ఈ పంపుని పట్టి ఆపడమే. పంపు ఆగితే పొటాషియం రక్తంలో నిలిచిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఆడుకుంటూ పిల్లలు ఆ కాయ నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించే నాటు పద్ధతులతో పొద్దు పుచ్చకుండా నేరుగా ఈసీజీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంగ్లండ్‌లో విలియం విథరింగ్ 1785లో రాసిన ఫాక్స్‌గ్లవ్ మొక్క మందు కూడా ఇదే జాతి పదార్థం. దాని వంశంలోని డిగాక్సిన్‌ని గుండె జబ్బుకి ఇప్పటికీ చాలా చిన్న మోతాదులో వాడుతున్నారు.

ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. కూర ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చేస్తే పొటాషియం చాలావరకు పోతుంది. వార్చిన నీళ్లతో చారు పెట్టకూడదు. బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పు కిడ్నీ పేషెంట్ ఉన్న ఇంట్లోకి అసలు రానివ్వకండి. సోడియం తగ్గించి అందులో కలిపేది పొటాషియం క్లోరైడే. మలబద్ధకం ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, ఎందుకంటే కిడ్నీలు పోయాక పెద్దపేగు వదిలే పొటాషియం కూడా లెక్కలోకి వస్తుంది.

నేను ఎక్కువ భయపడేది కార్తీక మాసానికి. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ ఉన్నవాళ్లకి శుక్రవారం తర్వాత రెండు రోజుల ఖాళీ వస్తుంది. సోమవారం ఉదయానికి పొటాషియం వారం మొత్తంలో ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజే కార్తీక సోమవారం ఉపవాసం. ఏమీ తినకపోతే పొటాషియం పెరగదు కదా అనుకుంటారు. తినకపోతే ఇన్సులిన్ తగ్గుతుంది, కణాల్లోది మెల్లగా రక్తంలోకి వస్తుంది. చీకటి పడ్డాక దీపం పెట్టి, కొబ్బరినీళ్లతో, అరటిపండుతో ఉపవాసం విడుస్తారు. మీ ఇంట్లో డయాలసిస్ మీద ఉన్న అమ్మో నాన్నో ఉంటే, ఉపవాసం వద్దని పండగ ముందే కూర్చుని మాట్లాడండి. ఆ రోజు ఉదయం వార్చిన అన్నం నాలుగు ముద్దలు పెట్టి పంపండి. మిషన్ మీద పడుకోబెట్టే ముందు పొటాషియం ఎంతో చూడమని మమ్మల్ని అడగండి. ఎవరూ విసుక్కోరు. విసుక్కున్నా సరే, అడగండి.