చికెన్ ముక్క మీద కుట్లు: టేబుల్ ఎలా సర్దుకోవాలి

కుట్లు ప్రాక్టీసు చేసే కోడి తొడ ముక్క ఎలాగూ స్టెరైల్ (సూక్ష్మజీవులు లేనిది) కాదు, మరి దానికి ఆపరేషన్‌కి చేసినంత తతంగం ఎందుకని హౌస్ సర్జన్లు అడుగుతుంటారు. ముడి వేయడం తొందరగానే పట్టుబడుతుంది. ఏది ముట్టుకోవచ్చో, ఏది కూడదో చేతికి అలవాటు కావడానికే టైం పడుతుంది. అందుకే రెండూ కలిపే నేర్చుకోవాలి.

నడుము ఎత్తు టేబుల్ చూసుకోండి. ఫ్యాన్ ఆపేయండి. పైభాగాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనివ్వండి. తడి మీద గుడ్డ పరిస్తే కింది సూక్ష్మజీవులు ఆ తడితోనే పైకి ఎక్కుతాయి. ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో స్టెరైల్ చేసే యంత్రం) నుంచి వచ్చిన, సామాను చుట్టిన ప్యాక్ చెమ్మగా ఉన్నా అంతే, వాడొద్దు. ప్యాక్‌కి అంటించిన టేపు మీద చారలు నల్లబడితే వేడి తగిలిందని మాత్రమే అర్థం, లోపలంతా స్టెరైల్ అయిందని కాదు.

ప్యాక్ విప్పేటప్పుడు మొదటి మడత అవతలి వైపుకు, తర్వాత పక్కలవి, చివరిది మీ వైపుకు. ఈ వరస తప్పితే అవతలి మడత కోసం ఒట్టి చెయ్యి సామాను మీదుగా చాపాల్సి వస్తుంది. పరిచిన గుడ్డలో అంచు నుంచి 2.5 సెంటీమీటర్ల మేర స్టెరైల్ కాదనే లెక్క. నీడిల్ హోల్డర్ (సూది పట్టుకునేది), పళ్లున్న ఆడ్సన్ ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు), కత్తెర, 3-0 సైజు నైలాన్ దారం మధ్యలోకి సర్దండి. డేట్ అయిపోయిన దారాలు ప్రాక్టీసుకు చాలు.

మాంసం ఈ టేబుల్ మీదకి రాకూడదు. అది పేషెంటు, వేరే ట్రేలో ఉండాలి. సూక్ష్మజీవుల్ని చంపే పోవిడోన్ అయోడిన్ మందును ముక్క మధ్య నుంచి బయటికి పూయండి, అంచుకు వెళ్లిన గాజుగుడ్డ మళ్లీ మధ్యకు రాకూడదు. ఆరాక, కుట్టే చోటు మాత్రం కనిపించేలా మధ్యలో కన్నమున్న టవల్ కప్పండి.

ఎక్కువమంది దొరికిపోయేది దారం దగ్గరే. 75 సెంటీమీటర్ల దారం లాగేటప్పుడు తోక టేబుల్ కిందికి వేలాడుతుంది. వేలాడిందంటే అది ఇక స్టెరైల్ కానట్టే. మిగులు దారాన్ని అరచేతిలో చుట్టి పట్టుకోండి. ఇక ఫోన్‌లో వీడియో చూడాలంటే గ్లోవ్స్ వేసుకోకముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. గ్లోవ్ వేలితో స్క్రీన్ తాకితే నిజాయితీగా గ్లోవ్ మార్చండి. ఎవరూ చూడలేదని వదిలేస్తే నేర్చుకునేది అదే.

అయ్యాక సూదులు గుచ్చుకుపోని గట్టి తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. మాంసానికి వాడిన పరికరాలకు రంగు టేపు చుట్టి విడిగా పెట్టండి, అవి మళ్లీ పేషెంట్ల సెట్‌లో కలవకూడదు. ఆ ముక్కను కూర వండుకోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.